రెండో సీసా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. చాప మీద గోడకు ఆనుకుని చిన్నాయన సీమోను. వంటింట్లో పొయ్యి ముందు చిన్నమ్మ సుభద్రమ్మ. ప్లాస్టిక్ కుర్చీ అంచున, ఏ క్షణమైనా లేచిపోయేవాడిలా, ఆదోని నుంచి వచ్చిన జయన్న మామ. రెండు గదుల మధ్య గడప మీద అంజలి. గోడ మీది ఫోటోలో కూడా చిన్నాయన, చిన్నమ్మ ఉన్నారు గానీ ఆ ఇద్దరినీ ఇంట్లో మనుషులనుకోవడం కష్టం. వాళ్లు నవ్వుతున్నారు.

జయన్న వచ్చి పావుగంటయింది. చెప్పాల్సింది రాగానే చెప్పేశాడు.

"నిన్న సాయంత్రం పాపకు మళ్ల వచ్చింది బావా. రవ్వంత సేపే. సెయ్యి వంకరపోయి, కండ్లు పైకి పోయినాయి. మీ చెల్లెలు ఏమంటాదంటే, నీళ్లు అయిపోయినాయి, అందుకే వచ్చిందంటాది. ఇంకొక సీసా ఉంటే తెమ్మని పంపిచ్చింది."

సీమోను చాప అంచున లేచిన ఈనెను పీకుతూ కూర్చున్నాడు. వంటింట్లో నుంచి సుభద్రమ్మ గొంతు వచ్చింది.

"మాత్రలు?"

"మాత్రలు యాడియక్కా. మానిపిచ్చి పన్నెండు దినాలైపాయ. మీరు నీళ్లిచ్చిన మర్సటి దినమే డబ్బా తీసి చెత్తబండిలో ఏసింది. నేను వద్దంటి. నమ్మకం లేనోడివి నువ్వు, నీ వల్లనే బిడ్డకు ఇన్నాళ్లు తగ్గలేదు, అనె. ఇంక ఏం మాట్లాడాల?"

పొయ్యి మీద టీ పొంగింది. సుభద్రమ్మ చూస్తూనే ఉంది గానీ దించలేదు. అంజలి వెళ్లి పట్టకారతో గిన్నె దించింది. చిన్నమ్మ కళ్లు తన వైపు తిరుగుతాయేమోనని తల ఎత్తలేదు.

జయన్న కూతురు దీవెనకు ఏడేళ్లు. మూడేళ్లప్పటి నుంచి మూర్ఛ. రోజూ రెండు పూటలా మాత్ర వేస్తే ఆడుకుంటుంది, బడికి పోతుంది, పద్యం కూడా చెబుతుంది. తల్లి సుగుణమ్మకు మాత్రం ఆ మాత్రలంటేనే దిగులు. పెళ్లీడుకు వచ్చినా ఇవే మింగుతూ ఉంటుందా అని అందరినీ అడిగేది. అందుకే అన్నావదినలు విమానమెక్కే ముందు ఆదోని నుంచి వచ్చి, వదిన చెయ్యి పట్టుకుని చెప్పిపోయింది. "నాకు చీరలొద్దు, సెంట్లొద్దు వొదినా. యేసయ్య బాప్తిస్మం తీసుకున్న నది ఆడనే ఉండాదంట. ఒక్క సీసా నీళ్లు తే. నా బిడ్డకు."

జోర్డాన్ దేశంలో నర్సుగా పనిచేసే కూతురు కృప, ఆమె భర్త సామ్సన్ టికెట్లు పంపితే వెళ్లారు సీమోను, సుభద్రమ్మ. పద్నాలుగు రోజులున్నారు. తిరిగొచ్చిన సాయంత్రం ఈ ఇంట్లో ప్రార్థన. వీధి వీధంతా వచ్చింది. సుగుణమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకుని, అందరికంటే ముందు కూర్చుంది.

ఆ సాయంత్రమే జరిగింది అది.

వంటింట్లో ఉన్న అంజలి దగ్గరికి వచ్చిన సుభద్రమ్మ తలుపు దగ్గరికి వేసి, గోడకు ఆనుకుని నిలబడింది. "నదికి పోలేదే పాపా," అంది. అంతే. ఆ ముఖంలో ఎవరి ముందు నిలబడాలో తెలియని బెదురు. కోసిగి నుంచి అమ్మానాన్నలు మిరపకోతల సుగ్గికి వలసకూలీలుగా గుంటూరు పోతే, కాలేజీ చదువు కోసం తనను తెచ్చి ఇంట్లో పెట్టుకున్న చిన్నమ్మ అట్లా నిలబడి ఉండడం అంజలి చూడలేకపోయింది.

విమానంలో ఇచ్చిన నీళ్ల సీసా ఒకటి సంచిలో ఖాళీగా ఉంది. దాని మీద అన్నీ ఉర్దూ అక్షరాల్లాంటి అక్షరాలు. అంజలి దాన్ని తీసి, బిందెలో ముంచి, మూత బిగించి, కొంగుతో తుడిచి చిన్నమ్మ చేతికిచ్చింది. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు గొంతు పెగలని పిల్ల. ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా చేసిన పని జీవితంలో అదొక్కటే.

టీ గ్లాసు అందుకుంటూ జయన్న ఫోటో వైపు చూశాడు. పైకప్పు లేని రాతి స్తంభాలు వరసగా, ఆకాశానికి కట్టిన గుంజల్లా ఉన్నాయి. వాటి మధ్య సీమోను టోపీ పెట్టుకుని, సుభద్రమ్మ కొంగు గాలికి ఎగరకుండా పట్టుకుని.

"ఇది నది గట్టునేనా బావా?"

సీమోను గొంతు సవరించుకున్నాడు. "ఆ... దగ్గరే."

"ఇంతింత స్తంభాలు నిలబెట్టి పైకప్పు ఏసేకి మర్సిపోయినారే. మేస్త్రీకి అడ్వాన్సు అందలేదేమో."

ఇంకెప్పుడైనా అయితే గోడలు కట్టే బేల్దారి మేస్త్రీ సీమోను ఆ మాటకు పడీపడీ నవ్వేవాడు. ఇప్పుడు చాప ఈనె తెగి చేతిలోకి వచ్చింది.

జయన్న గ్లాసు కింద పెట్టి లేచాడు. "బండికి ముందర టైరులో గాలి నిలబడలేదు. పట్టిచ్చుకుని వస్తా. అంతలోపల పోసి పెట్టక్కా. సుగుణి వాకిట్లోనే కూసుని ఉంటాది, నాకోసరం."

అతని బండి చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ముగ్గురూ కదల్లేదు.

"ఇప్పుడేం సేస్తావయ్యా?" సుభద్రమ్మ గడప దాకా వచ్చింది.

"నన్నడుగుతావా? ఆ పొద్దు సీసా తెచ్చి నా సేతిలో పెట్టింది నువ్వు."

"అది యాడి నీళ్లో నీకు తెలీదా? తెలిసే గదా దాని మీద సెయ్యి పెట్టి ప్రార్థనలో నిలబడితివి?"

"అంతమంది ముందర ఏం సేయమంటావు? నదికి పోలేదు, రాళ్లు సూసి వచ్చినాము అని సెప్పమంటావా?"

"సెప్పింటే ఏమయ్యేది? సిగ్గయ్యేది. సిగ్గుతో ఎవురూ సావరు."

"అయితే నువ్వు సెప్పకపోతివే."

సుభద్రమ్మ ఫోటో వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

కూతురికి, అల్లుడికి కలిసి సెలవు దొరికేది శుక్రవారం ఒక్కటే. మొదటి శుక్రవారం సామ్సన్‌ను ఫ్యాక్టరీకి పిలిచారు. రెండో శుక్రవారం కారు మాట్లాడారు. పొద్దున జెరాష్ అనే పాతకాలపు ఊరు చూసి, మధ్యాహ్నానికి నదికి పోవాలని. ఈ సంగతులన్నీ సుభద్రమ్మ ఈ పన్నెండు రోజుల్లో అంజలికి ముక్కలు ముక్కలుగా చెప్పింది. గిన్నెలు తోముతూ కొంత, జడ వేస్తూ కొంత. చెప్పిన ప్రతిసారీ ఒకచోట ఆగిపోయేది. ఇప్పుడు ఆగలేదు.

"నా వల్లనే పాపా," అంది అంజలితో, భర్తను చూడకుండా. "ఆడ గుండ్రంగా మెట్లు కట్టినారు, కొండంత ఎత్తుకు. నడిమధ్యలో ఒక రాయి ఉండాది. దాని మీద నిలబడి మెల్లగా మాట్లాడినా పైమెట్టు దాకా వినపడతాదని కృప సెప్పె. నిలబడి 'కృపా' అని పిలిస్తి. నా గొంతు పైకి పోయి మళ్ల నా తావకే వచ్చె. ఇన్నేండ్లు కూలికి పోతి, కలుపు తీస్తి, ఎవురన్నా పిలిస్తే పలకడమే గానీ, నేను పిలిస్తే అంతదూరం వినపడింది యాడుండాది? ఇంకొకసారి పిలుస్తా, ఇంకొకసారి, అంటి. పాట పాడితి. ఆ మెట్ల మీద కూసుంటే లేయబుద్ధి కాలేదు. కృప మూడుసార్లు సెప్పె, అమ్మా, నది కాడ గేటు మూస్తారమ్మా అని. పోదాంలే, పోదాంలే అంటి."

"నువ్వొక్కదానివేనా?" సీమోను గొంతు తగ్గింది. "నేను యాడుంటి? రాళ్ల సందుల్లో యేలు పెట్టి సూస్తాంటి. సున్నం లేదు, సిమెంటు లేదు, రెండువేల ఏండ్లు ఎట్ల నిలబడిందిరా ఈ గోడ అని. జానతో కొలుస్తాంటి. నేను గూడా గడియారం సూడలేదు."

కారు బయలుదేరేసరికి నది దగ్గర గేటు మూసే వేళ దాటింది. మర్నాడు తెల్లవారుజామున విమానం.

తమ బతుకులో తమకంటూ సంతోషపడిన రోజు అదొక్కటే. ఇప్పుడు దాన్ని తలుచుకోవడానికి కూడా ఇద్దరికీ మొహం చెల్లడం లేదు. అంజలికి అది అర్థమైంది. అర్థమయ్యేకొద్దీ బిందె వైపు చూడలేకపోయింది.

సీమోను ఉన్నట్టుండి ముందుకు వంగాడు. "ఒక పని సేద్దాం. ఆ మాత్రల పేరు జయన్నకు తెలుసు. నేను పోయి తెస్తా. నూరి నీళ్లలో కలిపి పంపిద్దాం. సుగుణి నీళ్లనుకుని తాపుతాది, బిడ్డకు మందు పోతాది. ఎవురికీ ఏం సెప్పే పని లేదు."

సుభద్రమ్మ భర్త ముఖంలోకి చూసింది. కాదనడానికి నోరు తెరిచి, మళ్లీ మూసింది. ఆమె ఆలోచిస్తోందని అంజలికి తెలిసింది. ఆ ఆలోచనే అంజలిని భయపెట్టింది.

"వద్దు చిన్నాయనా."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇద్దరూ తిరిగి చూశారు.

"అత్త ఒకదినం మూత నిండుగా పోస్తాది, ఒకదినం గ్లాసు తాపుతాది. ఎంత మందు పోతాదో ఎట్ల తెలుస్తాది? ఎక్కువైతే పాప మత్తుగా పడిపోతాది. తక్కువైతే మళ్ల మూర్ఛ వస్తాది."

"అయితే ఏం సేయాలో నువ్వే సెప్పు," అన్నాడు సీమోను. "ఆ పొద్దు నింపింది నువ్వే గదా."

మాట అన్నాక ఆయన తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కొళాయి కింద పెట్టిన బకెట్ నిండి నీళ్లు బండ మీదికి పారుతున్నాయి. ఆపడానికి ఎవరూ లేవలేదు.

"పిల్లనంటావా?" అంది సుభద్రమ్మ మెల్లగా. "నా మొహం సూసి సేసింది అది. నేను వద్దనింటే పారబోసేది."

"తెలుసులే."

"తెలిసి అంటావా?"

"ఇంకెవురినంటానే? సుగుణిని ఎత్తుకుని పెంచినోన్ని నేను. పోయిన ఆదివారం గుడిలో లేసి నిలబడి సాక్ష్యం సెప్పింది, మా అన్న తెచ్చిన నీళ్లతో నా బిడ్డకు దేవుడు స్వస్థత ఇచ్చినాడని. నేను ఏ మొహంతో పోయి సెప్పాల? మళ్ల ఈ గడప తొక్కుతాదా అది?"

బండి చప్పుడు వినిపించింది. జయన్న వస్తున్నాడు.

సుభద్రమ్మ కదిలింది. గూట్లో నుంచి ఒక సీసా తీసింది. బిందె మీది మూత తీసింది. చెంబుతో ముంచి పోసింది. అంతా నిద్రలో చేసినట్టు చేసింది. మూత బిగించి అంజలి చేతికిచ్చి, మామకు ఇవ్వమన్నట్టు వాకిలి వైపు చూపించింది. ఆమె చెయ్యి తడిగా, చల్లగా ఉంది.

అంజలి చెప్పులు వేసుకుంది. జయన్న బండి దిగకుండా చెయ్యి చాచాడు. ఆమె సీసా ఇవ్వలేదు.

"నేనూ వస్తా మామా. పాపను సూసి వస్తా."

వాకిట్లోకి వచ్చిన సుభద్రమ్మకు అంతా అర్థమైనట్టుంది. పిలుస్తుందేమోనని అంజలి ఎదురుచూసింది. పిలవలేదు. ఇంట్లో నుంచి సీమోను, "యాడికి పోతాంది పాప?" అని అడగడం వినిపించింది. దానికి చిన్నమ్మ ఏం జవాబిచ్చిందో బండి చప్పుడులో వినపడలేదు.

ఆదోని దారి పొడుగునా ఎండ. రెండు వైపులా పత్తి ఏరేసిన చేలు, ఎండిన కట్టెలు. సీసా ఒళ్లో పెట్టుకుని అంజలి ఊరి తర్వాత ఊరు లెక్కపెట్టింది. ఈ ఊరు దాటాక చెబుతాను అనుకుంది. దాటింది. తర్వాతి ఊరు అనుకుంది. అదీ దాటింది. చివరికి జయన్న వీపు మీద చెయ్యి పెట్టి, "మామా, ఆపు," అంది.

తుమ్మచెట్టు నీడన బండి ఆపాడు. వాంతి వస్తోందేమో అనుకుని, "దిగు అమ్మీ, దిగు," అన్నాడు.

అంజలి దిగింది. చెప్పింది. నేల చూస్తూ చెప్పింది. బిందె సంగతి, విమానం సీసా సంగతి, నది కాడికే పోలేదన్న సంగతి. చెప్పడం ఇంత తొందరగా అయిపోతుందని ఆమె అనుకోలేదు.

జయన్న ఆమె చేతిలోని సీసా తీసుకున్నాడు. మూత తిప్పి, పైకెత్తి, గటగటా తాగాడు. సగం దాకా తాగి ఆగి, మిగిలింది కూడా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"మీ ఇంటి నీళ్లే," అన్నాడు. "ఆ పొద్దు గూడా ఒక గుక్క తాగితి. అప్పుడే అనుకుంటి."

"మళ్ల అత్తతో ఏంటికి సెప్పలేదు?"

"సెప్తే నమ్మదు." సీసా మూత బిగించాడు. "ఇంకొకటి గూడా ఉండాది. దినం పోయేకొద్దీ బిడ్డకు రాలేదు. నాలుగు దినాలు, ఐదు దినాలు. నేను గూడా నమ్మితే బాగుండు అనిపిచ్చింది పాపా. యాడి నీళ్లయితేనేం అనుకుంటి. డాక్టరు సెప్పినాడు, మాత్ర ఒక్కపూట గూడా ఆపొద్దని. ఆయన సెప్పినప్పుడు ఆడ కూసుని ఉన్నోన్ని నేను."

ఖాళీ సీసాను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "మీరు ముగ్గురే అనుకోవద్దు. ఎక్కు."

ఆదోనిలో మందుల షాపు ముందు ఆపి, జేబులో మడతలు పడిన చీటీ తీశాడు. "ఇల్లు ఈడనే గదా, నువ్వు నడిసి పో. నేను మాత్రలు తీసుకుని వస్తా. నేను వచ్చేసరికి సెప్పేసి ఉండు." ఆయన భయపడుతున్నాడని అంజలికి తెలిసింది. పెద్దవాళ్లందరూ భయపడుతున్నారు.

సుగుణమ్మ వాకిట్లోనే ఉంది. దీవెనను కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. అంజలిని చూడగానే ముఖం విప్పారింది.

"ఏమే, నువ్వొచ్చినావా. మీ మామ యాడ? మా వొదిన పంపిచ్చిందా? నాకు తెలుసు, ఉండింటాదని. ఈడ కూసో రా, ఎండకు మొహం సూడు ఎట్లయిందో."

"అక్కా, నీళ్లు తెచ్చినావా?" దీవెన చెయ్యి చాచింది. కుడిచేతి మీద, నిన్న పడినప్పుడు గీసుకున్న చోట పసుపు రాసి ఉంది.

అంజలి కూర్చోలేదు. ఖాళీ సీసా చేతిలోనే ఉంది.

"అత్తా, అవి నది నీళ్లు కావు."

సుగుణమ్మ దువ్వెన ఆగలేదు. "ఏందీ?"

"మా ఇంటి బిందెలో నీళ్లు. నేనే నింపినాను. పాపకు మాత్రలు ఏయాల అత్తా. మామ తెస్తాండాడు. ఇప్పుడే ఏయాల."

దువ్వెన వెంట్రుకల్లోనే నిలిచింది. సుగుణమ్మ నవ్వబోయింది. అంజలి ముఖం చూసి ఆ నవ్వు సగంలో పోయింది.

"మా వొదిన సెప్పి పంపిచ్చిందా, ఇట్ల అనమని? ఉన్న నీళ్లు ఇయ్యబుద్ధి కాకపోతే లేవని సెప్పొచ్చు గదా."

"లేదత్తా. వాళ్లు నదికి పోలేదు. పాతకాలం ఊరు సూసేకి పోయినారు. పొద్దుపోయింది."

"ఫోటోలో ఉండేది?"

"అది నది కాదు."

సుగుణమ్మ దువ్వెన తీసి కింద పెట్టింది. వీధిలో ఎవరో పలకరిస్తే తల ఊపింది. దీవెన జడ పాయలు మూడూ వేళ్ల మధ్య పట్టుకునే ఉంది. తర్వాత అడిగింది. గొంతు లేవలేదు.

"మా అన్నకు తెలుసా?"

అంజలి దగ్గర జవాబు ఉంది. చిన్నాయనను తప్పించే జవాబు కూడా ఉంది. నేనొక్కదాన్నే అనడానికి ఒక్క ఊపిరి చాలు. పెదవి కదిపింది. కానీ అది మళ్లీ అదే బిందెలో సీసా ముంచడమేననిపించి, పెదవి మూసింది.

"ప్రార్థన సేసేటప్పుడు సీసా మీద సెయ్యి పెట్టినాడు," అంది సుగుణమ్మ. "నేను ఆ సెయ్యే సూస్తాంటి. అప్పుడు తెలుసా?"

అంజలి తల ఊపింది.

"మళ్ల ఆదివారం నేను సాక్ష్యం సెప్తాంటే ముందర కూసుని ఇన్యాడు. సన్నిధిలో నిలబడి, అందరి ముందర, నేను సెప్పినాను. నాతోనే సెప్పిచ్చినారు."

ఆమె లేచింది. బిడ్డను భుజం పట్టుకుని లేపింది. సగం వేసిన జడ విడిపోయింది.

"అత్తా, నన్ను తిట్టు, కొట్టు. మాత్ర మాత్రం ఏయి అత్తా. మామ వస్తాడు ఇప్పుడే."

"మీ మామకు గూడా తెలుసా?"

ఈసారి తల ఊపకముందే సుగుణమ్మకు జవాబు అందిపోయింది. గడప దాటి లోపలికి పోయి, వెనక్కి తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు.

"మీరిచ్చింది తాపినా పన్నెండు దినాలు. ఇప్పుడు తెచ్చే మాత్రలు గూడా ఏం మాత్రలో నాకెట్ల తెలుస్తాది? మీ సేతుల్లో నుంచి వచ్చింది ఏదీ ఇంక నా బిడ్డ నోట్లో పెట్టను."

"అమ్మా, అక్క," అంటూ దీవెన తల పక్కకు వంచి చూసింది.

సుగుణమ్మ బిడ్డను వెనక్కి లాగి, అంజలి ముఖం మీదే తలుపు వేసి, గడియ పెట్టింది.